చేసినోడే ముందు మునగాలె

చిక్కడపల్లిలో "రామచంద్రం గారి ఇల్లెక్కడ?" అని అడిగితే ఎదుటివాళ్లు నెత్తి గోక్కునేవాళ్లు. "బ్యాటరీ రామచంద్రం" అంటే మాత్రం మార్కెట్ మొదట్లో నిమ్మకాయలమ్మే బుగ్గమ్మ కూడా, బేరం ఆపకుండానే, గడ్డంతో సందు చూపించేది.

సందులోకి తిరిగి ఒక మెట్టు దిగితే ఆయన దుకాణం. నిలబడితే నెత్తికి తగిలే కప్పు, కూర్చుంటే మోకాళ్లకు తగిలే బల్ల. ఆ బల్ల నిండా కడుపు కోసిన ల్యాప్‌టాప్ బ్యాటరీలు. ఒక్కోదాని లోపల బొటనవేలంత లిథియం సెల్లులు జంటలు జంటలుగా పడుకుని ఉండేవి. వాటిలో చచ్చినవి తీసి కొత్తవి పెట్టడం రామచంద్రం బతుకుదెరువు. పైన రెండు గదుల్లో కాపురం.

2012 ఎండాకాలం ఆయనకు పండగ. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అశోక్‌నగర్ హాస్టళ్లలో సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు చార్జింగ్ లైట్లు చంకన పెట్టుకుని వరస కట్టేవాళ్లు.

"అన్నా, పంచవర్ష ప్రణాళికల మధ్యల ఆరిపోయింది."

"ఎన్నో ప్రణాళిక?"

"నాలుగోది."

"నాలుగోదాంట్ల అందరు ఆరిపోతరు. ఇటియ్యి."

రామచంద్రం వైద్యం చూడముచ్చటగా ఉండేది. బ్యాటరీని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపి, కళ్లు సగం మూసి వినేవాడు. ఊపితే వినిపించడానికి బ్యాటరీలో ఏమీ ఉండదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కాని మీటరు పెట్టి చెబితే "మీటరు చెప్పింది" అంటారు, చెవి పెట్టి చెబితే "ఉస్తాద్ చెప్పిండు" అంటారు. ఉస్తాద్ అనిపించుకోవడం ఆయనకు రెండు పూటలా తిండి ఎంత అవసరమో అంత అవసరం.

"నాడి ఉన్నది. ఎల్లుండి రా" అనేవాడు.

ఎల్లుండి ఎందుకో ఇంట్లో వాళ్లకే తెలుసు. సెల్లుకూ సెల్లుకూ మధ్య పలచని నికెల్ పట్టీ అతికించాలి. మామూలుగా సోల్డరింగ్ చేస్తే ఆ వేడికి లిథియం సెల్లు పాడైపోతుంది. అందుకని రెండు రాగి మొనలు పట్టీకి ఆనించి, రెప్పపాటులో పెద్ద కరెంటు పంపి "టప్"మని అతికించే యంత్రం ఒకటి రామచంద్రం సొంతంగా చేసుకున్నాడు, పాడైన మైక్రోవేవ్ పొయ్యిలోంచి ట్రాన్స్‌ఫార్మర్ పీకి. యంత్రం బ్రహ్మాండంగా కుదిరింది. చిక్కల్లా చేసినవాడితోనే. టప్‌మన్నప్పుడు చిన్న నిప్పురవ్వ లేస్తుంది. రవ్వ లేవబోతున్నదని తెలియగానే రామచంద్రం కళ్లు గట్టిగా మూసుకుపోయేవి. కళ్లు మూసుకున్నాక చెయ్యి ఎటు పోతుందో చెయ్యికే తెలియదు. ఒకసారి పట్టీని సెల్లుకు బదులు బల్ల కింది ఇనుప రేకుకు అతికించాడు.

భార్య విద్యావతి జాకెట్లు కుట్టేది. వారం రోజులు ఈ తమాషా చూసి, ఒకనాడు "జరుగు జర" అంది. కుట్టుమిషన్ కాలి పెడల్‌కు యంత్రం స్విచ్చి కట్టించుకుంది. రెండు చేతులతో రెండు మొనలు, కాలితో నొక్కుడు. టప్, టప్, టప్. జాకెట్ అంచుకు హెమ్మింగ్ వేసినంత సమంగా చుక్కలు పడ్డాయి. ఆనాటి నుంచి రాత్రిపూట వేసే అతుకులన్నీ ఆమెవే, పేరంతా ఆయనదే. పొద్దున్నే తయారైన ప్యాక్ దుకాణంలో పెట్టి, "కూసొని కూసొని నడుం పడిపోయింది" అని గిరాకీల ముందు ఒళ్లు విరుచుకునేవాడు రామచంద్రం. పైన మెట్ల మీద విద్యావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

అట్లాంటి దుకాణానికి విఠల్ మాస్టర్ వచ్చాడు.

విఠల్ మాస్టర్ నీళ్ల మనిషి. కొన్నేళ్లు సముద్రంలో ఓడల అడుగులు చూసే పని చేసి, హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. వానలు రాకముందు డ్యాముల్లోకి దిగి, తూము తలుపులు సరిగ్గా ఉన్నాయో లేదో తడిమి చూసి రావడం ఇప్పుడాయన వృత్తి. ఆదివారాలు నారాయణగూడలో ఒక ఈత కొలను కిరాయికి తీసుకుని, అండమాన్ పోయి చేపలు చూడాలని సరదాపడే ఆఫీసు జనానికి డైవింగ్ నేర్పేవాడు. ఆయన ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టగానే బల్ల మూలిగింది. పొడుగాటి, లావుపాటి డబ్బా, దానికో వైరు, వైరు చివర చేతికి తొడుక్కునే దీపం.

"నీళ్ల అడుగున వాడే లైటు, అన్నా. లోపల సీసం బ్యాటరీ. ముసల్దయింది. పావుగంటకే గుడ్డి దీపమైతున్నది. మోస్తుంటె నడుం పోతున్నది."

రామచంద్రం డబ్బాను చెవి దాకా ఎత్తబోయి, ఎత్తలేక, చెవినే డబ్బా దగ్గరికి తీసుకుపోయాడు. విన్నాడు.

"సీసం తీసేద్దాం. లిథియం సెల్లులు మూడు వరసలు కడితె పాత వోల్టేజీకి సరిగ్గ సరిపోతది. నాలుగింతల సేపు వెలుగుతది. బరువంటరా, సగం గూడ ఉండదు. మీ చిటికెన వేలికి తగిలించుకొని పోవచ్చు."

దుకాణంలో నిలబడ్డ హాస్టల్ పిల్లలు "వాహ్ ఉస్తాద్" అన్నారు. రామచంద్రం ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"మంచిది. గని మా దగ్గర ఒక రివాజున్నది" అన్నాడు విఠల్ మాస్టర్. "తూము కాడ చీకటి ఎట్లుంటదంటే, నీ చెయ్యి నీకు కనపడదు. లైటు నమ్మి చెయ్యి పెడతం. అందుకని లైటు ఎవరు కడితె వాళ్లే ముందుగాల దాన్ని నడుముకు కట్టుకొని నీళ్లల్ల మునగాలె. కిందనే వెలిగించి చూపియ్యాలె. ఆ తర్వాతనే మేం కట్టుకుంటం. చేసినోడే ముందు మునగాలె."

పెరిగిన రెండంగుళాలూ టక్కున తగ్గాయి. ఎందుకంటే రామచంద్రానికి ఈత రాదు. నీళ్లంటే మోకాళ్ల వరకే ఆయనకు స్నేహం.

రాకపోతే రాలేదు, దేశంలో ఎంతమందికి వచ్చు గనక? కాని ఈయన కథ వేరు. పెళ్లిచూపుల నాడు విద్యావతి తండ్రి, మెదక్ దిక్కు మనిషి, బావినే నమ్ముకున్న రైతు, అల్లుడు కాబోయేవాడిని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "ఈతొస్తదా?" ఆ ఊళ్లో కొత్తల్లుణ్ని బావమరదులు బావిలోకి తోసి నవ్వుకోవడం ఒక మురిపెం. రామచంద్రం, పక్కగదిలో గాజుల చప్పుడు వింటూ, "రాకపోవుడేంది మామా, చేపనే" అన్నాడు. అన్న మరుక్షణం బావి గుర్తొచ్చి, "కాకుంటె చెవుల నొప్పి. డాక్టర్ నీళ్లల్ల మునగద్దన్నడు" అని చేర్చాడు. ఆ చెవినొప్పి ఇప్పటికీ నడుస్తున్నది. అత్తగారింటికి పోయిన ప్రతిసారీ, నది ఒడ్డుకు పోయిన ప్రతిసారీ తప్పకుండా లేచేది. విద్యావతి పాపం వెల్లుల్లి వేసి నూనె కాచి ఆ చెవిలో పోసేది. నూనె ఎప్పుడూ ఉండాల్సిన దానికన్నా ఒక పిసరు వేడిగానే ఉండేది.

ఇప్పుడూ ఆ చెవే పట్టుకున్నాడు రామచంద్రం. "మునుగుడంటరా... నాకేంది మాస్టర్, చేపనే. గని ఈ చెవి..."

"ఫికర్ జెయ్యకు. చెవులు మూసే రబ్బరు టోపీ ఉన్నది నా దగ్గర."

పిల్లలు వింటున్నారు. మెట్ల మీద విద్యావతి వింటున్నది. "ఇగనేం మరి" అన్నాడు రామచంద్రం, చెవి వదలకుండానే.

కోఠిలో కొత్త సెల్లులు, వాటిని కాపాడే చిన్న సర్క్యూట్ పలక, లిథియానికి తగిన చార్జర్ కొనుక్కొచ్చాడు. పాత చార్జర్‌ను ఎవరూ పొరపాటున తగిలించకుండా దాని పిన్ను కత్తిరించేశాడు. లెక్కలో మనిషిని తప్పుపట్టేందుకు లేదు. విద్యావతి కూర్చుని టప్‌టప్‌మని అతికించింది. మూత రబ్బరు చుట్టుకు జిడ్డు రాసి బిగించారు. నీళ్లు లోపలికి పోతాయేమో చూడాలి గనక స్నానాల బకెట్‌లో డబ్బా పెట్టారు.

డబ్బా పైకి లేచింది.

రామచంద్రం దాన్ని కిందికి నొక్కాడు. వదిలేసరికి మళ్లీ లేచింది.

"ఏందయ్యా, తేలుతున్నది?" అంది విద్యావతి.

"కొత్తది గద. బకెట్ చిన్నగున్నది. ఆ పొత్రం ఇటియ్యి."

రోలులోని పొత్రం తెచ్చి డబ్బా మీద పెట్టారు. బుద్ధిగా మునిగింది. పొద్దుగూకే దాకా ఉంచి తీస్తే లోపల చుక్క నీరు లేదు. రామచంద్రం సంబరపడ్డాడు. డబ్బా ఎందుకు తేలిందన్న ప్రశ్న ఆయన బుర్రలోకి రాలేదు. రావడానికి అక్కడ జాగా లేదు. బుర్ర నిండా ఈత కొలనే ఉంది.

ఆదివారం పొద్దున ఆటోలో నారాయణగూడ బయల్దేరితే విద్యావతి కూడా ఎక్కింది.

"నువ్వెందుకు?"

"చేప ఈదుతుంటె సూద్దామని."

కొలను దగ్గర విఠల్ మాస్టర్ మనుషులు, డైవింగ్ నేర్చుకునే నలుగురైదుగురు ఉన్నారు. బ్యాంకులో పనిచేసే రచన అనే అమ్మాయి రబ్బరు సూటులో నల్లగా, నిగనిగలాడుతూ నిలబడింది. నీళ్లు నీలంగా, కదలకుండా, ఎవరినీ పలకరించని పెద్ద ఆఫీసర్‌లా ఉన్నాయి. మాస్టర్ రబ్బరు టోపీ చేతికిచ్చాడు. రామచంద్రం టోపీ వైపు చూశాడు. నీళ్ల వైపు చూశాడు. గేటు వైపు కూడా ఒకసారి చూశాడు. గేటు దగ్గర విద్యావతి నిలబడి ఉంది.

"మాస్టర్" అన్నాడు. "ఒక నిజం చెప్పాలె."

అందరూ ఆగారు.

"ఇది కట్టింది నేను గాదు. లెక్క నాది, చెయ్యి ఈమెది. అతుకులన్ని ఈమెనే వేసింది. ఇదొక్కటే గాదు, నా దుకాణంల ఏ ప్యాక్ తీస్కున్నా అంతే. నాకు నిప్పురవ్వ అంటె భయం. కండ్లు మూస్కుంట."

ఇంత మంది ముందు, ఇంత పచ్చిగా, రామచంద్రం జీవితంలో ఎన్నడూ నిజం చెప్పి ఉండడు. ఆ నిజం న్యాయబుద్ధితో వచ్చిందా, నీళ్ల భయంతో వచ్చిందా అంటే, తక్కెడ పెట్టి తూచేవాళ్లకు కూడా కష్టమే. విద్యావతికి మాత్రం ఎటువైపు మొగ్గుతుందో తెలుసు. తెలిసి కూడా ఆమె మొహం వెలిగిపోయింది. ఎట్లా వచ్చినా మాట మాటే. పదిమంది విన్నారు.

విఠల్ మాస్టర్ ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు. "వదినా, పని మస్తున్నది. గని రివాజు రివాజే."

"దిగుత" అంది విద్యావతి.

"ఏమే!" రామచంద్రం గొంతు కీచుమంది. "నీకు ఈతొస్తదా?"

"బాయి ఉన్న ఇంట్ల పుట్టి ఈత రాకుంటె ఎట్ల?"

"ఎన్నడు చెప్పలేదేంది?"

"ఇంట్ల ఒక చేప ఉండంగ ఇంకోటి ఎందుకని."

రచన తన దగ్గరున్న ఇంకో సూటు తీసుకుని ఆమెను గదిలోకి తీసుకుపోయింది. లోపలి నుంచి చాలాసేపు ఆయాసాలు, నవ్వులు, "అక్కా, ఊపిరి బిగబట్టు" అనే మాటలు వినిపించాయి. చివరికి తలుపు తెరుచుకుంది. నల్లరబ్బరు సూటులో బొట్టుతో, మంగళసూత్రం లోపలికి దోపుకుని వచ్చిన విద్యావతిని చూసి రామచంద్రం కొత్త పెళ్లికొడుకులా తల దించుకున్నాడు. డబ్బా నడుముకు కట్టారు. ఆమె మెట్లు దిగింది, ఊపిరి పీల్చింది, మునిగింది.

మునగలేదు. డబ్బా ఆమెను లాగి పైన పెట్టింది. మళ్లీ ప్రయత్నిస్తే కాళ్లు కిందికి, నడుము మీదికి వచ్చాయి. మూడోసారి బోర్లా తేలి గిరగిరా తిరిగింది. దీపం ఆకాశం వైపు తిరిగి, పట్టపగలు, సూర్యుడికి దారి చూపిస్తూ బ్రహ్మాండంగా వెలుగుతున్నది. విద్యావతి నీళ్లు మింగి, దగ్గి, పడీపడీ నవ్వింది.

"చిన్నప్పుడు నడుముకు సొరకాయ బుర్ర కట్టి బాయిల ఇడిసేటోళ్లు. గట్లనే ఉన్నది!"

"రామచంద్రం సాబ్," అన్నాడు విఠల్ మాస్టర్, కళ్లు తుడుచుకుంటూ, "లైటు జేసియ్యమన్న గని, తేలే ట్యూబు జేసియ్యమన్ననా?"

"ఆ పొత్రం గూడ పట్కరావల్సింది" అంది విద్యావతి నీళ్లలోంచి. పొత్రం సంగతేమిటని అందరూ అడిగారు. ఆమె చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

అప్పటికి గాని రామచంద్రానికి బుర్ర వెలగలేదు. పాత సీసం బ్యాటరీ బరువే డబ్బాను నీళ్ల అడుగున ఉంచేది. డబ్బా పరిమాణం అట్లాగే ఉంచి, బరువు మాత్రం తీసి, చిటికెన వేలికి తగిలించుకోమని డబ్బా కొట్టాడు. తేలకేం చేస్తుంది?

ఆ వారమంతా ఆయన బుద్ధిగా పనిచేశాడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్ దగ్గర టైర్ల దుకాణంలో, చక్రాలు సమంగా తిరగడానికి అంచుకు కొట్టే సీసం ముక్కలు పాతవి అడిగి తెచ్చుకున్నాడు. ఒక్కొక్కటి సుత్తితో పలచగా సాగగొట్టాడు, అంచులు అరగదీశాడు, సెల్లులకు తగలకుండా మందపాటి కాగితం చుట్టి డబ్బా అడుగున పేర్చాడు. బకెట్‌లో పెట్టడం, చూడడం, ఇంకో ముక్క వేయడం. చివరికి డబ్బా నీళ్లలో వదిలితే నిండు గర్భిణి మెట్లు దిగినట్టు మెల్లగా, భద్రంగా కిందికి పోయింది. ఈ పనికి రవ్వల్లేవు గనక కళ్లు మూసుకోవాల్సిన అవసరమూ రాలేదు. పనంతా తన చేతిదే. విద్యావతి చెయ్యి పెట్టబోతే "నువ్వు ముట్టకు" అన్నాడు.

మళ్లీ ఆదివారం. కొలను దగ్గర లోకం మారిపోయింది. అందరూ "వదినా" అని విద్యావతి చుట్టూ మూగారు. "వదినా, ఎంతసేపు వెలుగుతది?" "అక్కా, మా ఇంట్ల వాక్యూమ్ క్లీనర్ బ్యాటరీ పోయింది, చూస్తవా?" విఠల్ మాస్టర్ డబ్బాను ఆమె చేతికే ఇచ్చాడు. ఉస్తాద్ అనే మాట ఒక్కరి నోటా రాలేదు. రామచంద్రం చేతిలో తువ్వాల ఉంది. తువ్వాల పట్టుకున్న మనిషిని ఎవరు చూస్తారు?

ఆమె నడుముకు డబ్బా కట్టుకుని దిగింది, మునిగింది. నీలి నీళ్ల అడుగున తెల్లటి వెలుగు ఒక గీతలా సాగి, ఆ మూల నుంచి ఈ మూలకు నడిచింది. చప్పట్లు మోగాయి.

"ఏం మునిగింది వదినా! ఎట్ల జేసినవ్?" అన్నాడు మాస్టర్, ఆమె తల పైకి రాగానే.

రామచంద్రం తట్టుకోలేకపోయాడు.

"ఆమెనేం జేసింది? సీసం నాది! ముక్క ముక్క నేనే సాగగొట్టిన, నేనే పేర్చిన. ఆమె చెయ్యి గూడ తగల్లే. మునుగుడంత నా పనితనమే!"

అన్నాక, గాలిలో ఆ మాట ఇంకా ఉండగానే, ఆయనకు అర్థమైంది. విఠల్ మాస్టర్ మొహం మీద నవ్వు మెల్లగా విచ్చుకుంటున్నది.

"గట్లనా సాబ్? అయితె సగం నువ్వు కట్టినట్టేనాయె. టోపీ ఏదిరా?"

రామచంద్రం చెయ్యి అలవాటుగా చెవి మీదికి పోయింది.

"నొస్తున్నదా?" అంది విద్యావతి, కొలను అంచు పట్టుకుని, ఎంతో ప్రేమగా. "సంచిల వెల్లుల్లి నూనె తెచ్చిన. కాచి మరీ తెచ్చిన."

ఆ గొంతు విన్నాక రామచంద్రం చెయ్యి దించేశాడు. వంగి, ఆమెకు ఒక్కదానికే వినపడేట్టు చెప్పాడు. "విద్యా, నాకు ఈత రాదే."

"ఎరుకనే."

"ఎరుకనా? ఎప్పటిసంది?"

"బాసర పుష్కరాలల్ల గట్టు కాడి గొలుసు వదలకుండ, చెంబుతోని నెత్తి మీద పోస్కున్నవు సూడు. అంతకుముందే అనుమానమున్నది, ఆనాడు రూఢి అయింది."

"మరి గన్నేండ్లు ఆ నూనె ఎందుకు పోసినవే?"

"నువ్వు చెప్తవేమోనని."

రామచంద్రం చొక్కా విప్పాడు. మాస్టర్ ఇచ్చిన నిక్కరు ఆయనకు రెండు కొలతలు పెద్దది. ఒక చెయ్యి దానికే కేటాయించాల్సి వచ్చింది. రెండో చెయ్యి విద్యావతి పట్టుకుంది. లోతు తక్కువ వైపు మెట్లు దిగాడు. నీళ్లు మోకాళ్లు దాటి, నడుము దాటి, ఛాతీ మీదికి వచ్చేసరికి ఆయనకు తెలిసిన దేవుళ్లంతా అయిపోయి, చిక్కడపల్లి షాపుల పేర్లు చదవడం మొదలుపెట్టాడు. నడుముకు డబ్బా కట్టి, చేతికి దీపం తొడిగారు. కళ్లకు అద్దాల మాస్కు బిగించారు.

"నేను పట్కున్న" అంది విద్యావతి. "కూసో. కుర్చీల కూసున్నట్టు కూసో."

కూర్చున్నాడు.

చప్పుడంతా ఆగిపోయింది. చిక్కడపల్లిలో పుట్టి పెరిగిన మనిషికి అంత నిశ్శబ్దం ఎన్నడూ తగల్లేదు. నిక్కరు వదిలేసి స్విచ్చి నొక్కాడు. వెలుగు ముందుకు పోయి నీలిరంగు పలకల మీద పడింది. ఆ వెలుగులో, రెండడుగుల దూరంలో, విద్యావతి పాదాలు కనిపించాయి. వెండి మెట్టెలు తళుక్కుమన్నాయి. ఆమె మడమలు నేలను పట్టుకుని నిలబడినట్టు లేవు. నీళ్లు ఆమెను పట్టుకుని నిలబెట్టినట్టున్నాయి. బావిలో ఇట్లాగే నిలబడేదేమో చిన్నప్పుడు. తను ఎన్నడూ చూడని విద్యావతి అది.

ఊపిరి అయిపోయింది. దభాలున లేచాడు. దగ్గు, నీళ్లు, ముక్కు, మాస్కు అన్నీ ఒకేసారి. నిక్కరు సంగతి దేవుడి దయ. గట్టు మీద అందరూ "ఉస్తాద్! ఉస్తాద్!" అని అరుస్తున్నారు. విఠల్ మాస్టర్ చెయ్యి అందించి, "ఎట్లుంది సాబ్?" అన్నాడు.

రామచంద్రం మాస్కు నొసటి మీదికి నెట్టి, రొప్పుతూ, దీపాన్ని ఎత్తి పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"స్విచ్చి జర వదులుగున్నది మాస్టర్. కిందికి పోతెనే తెలుస్తది ఆ సంగతి" అన్నాడు. "రేపు దుకాణానికి తీస్కరాండ్రి. బిగించి, ఇంకోసారి మునిగి సూస్త."

"దానికి ముందు," అంది విద్యావతి, "నిక్కరు బిగించుకో."